ఏ గట్టున

మల్లికకు మూడేండ్లు నిండినాయి.
వంటింటి తూకం మిషను మీద స్టీలు గిన్నె, గిన్నెలో తను.
కదలకుండా ఉంటే కదా అంకె నిలిచేది.
మూడు వందల నలభై గ్రాములు.

నీలం మగవాడు.
నలుపు చుక్క లేకుండా పుట్టినాడు,
గడ్డిలో మాగేసిన కాయ రంగు.
ఇద్దరికీ మామిడి పేర్లే.
పల్ప్ ఫ్యాక్టరీలో బ్రిక్సు చూసే మనిషికి
ఇంకేం పేర్లు తోస్తాయి?

గ్రీమ్స్‌పేటలో మిద్దె మీది గది,
మార్గశిరం చలికి గోడలు చల్లబడితే
రెండూ మేత మానేసి ముడుచుకున్నాయి.
లేచినప్పట్నుంచి నీలం
రాత్రంతా పెట్టె అద్దానికి ముక్కు రుద్దుతా ఉన్నాడు.
"జత కట్టించండి మేడమ్, అన్నీ నేనే తీసుకుంటా,"
ఫోన్లో బెంగళూరు అంగడాయన.
"ఏం రంగులొస్తాయి?" అనడిగినాడు,
ఇంకేమీ అడగలా.

కరెంటు బిల్లు వెనకాల లెక్క రాసుకున్నాను.
గుడ్లు పదైదు అనుకుందాం.
చేపల థర్మోకోల్ పెట్టె, తడి కొబ్బరిపీచు,
అరవై దినాలు ఇరవై ఎనిమిది డిగ్రీలు,
చిత్తూరు మే నెలలో!
పిల్లలు బయటపడేది సరిగ్గా తోతాపురి దిగే దినాల్లో,
ఫ్యాక్టరీ గేటు కాడ ట్రాక్టర్లు వరస కట్టి
నాకు రెండు షిఫ్టులు పడే దినాల్లో.
పెన్సిలంత పిల్లకు
వెంట్రుక మొలవని ఎలుకపిల్ల కావాల.
ఒకటో రెండో అదీ ముట్టవు.
ముట్టనిదాన్ని ఏం చేసేది?

తీసుకునేవాళ్ళు:
జాకీర్, ఒకటి, వాళ్ళమ్మ ఒప్పుకుంటే.
వేలూరు కాలేజీ పిల్లోడు, రెండు.
ఆ కింద గీత గీసినాను. పేర్లు లేవు.

తమ్ముడు గజేంద్ర నర్సరీలో అంటు కడతా విన్నాడు.
నోట్లో ప్లాస్టిక్ పట్టీ పట్టుకోనే అన్నాడు:
"అమ్ముడుపోని అంటుని గట్టున నాటేస్తాం కదక్కా.
నీ పిల్లల్ని ఏ గట్టున వదుల్తావు?"

పోయిన వానల్లో మా వీధి చివర
నాగుపామని ఒకదాన్ని కొట్టినారు.
కొట్టినాక తెలిసింది జెర్రిపోతని.
అయినా నోట్లో రూపాయి బిళ్ళ పెట్టి,
పాలు పోసి కాల్చినారు.
ఈ మట్టిలో పుట్టినదానికే అంత మర్యాద.
నా ఎర్రటివి చచ్చినా పాపమే;
బతికినా పాపమే, గట్టు మీది తొండలకు.

రెండు పెట్టెల్ని రాక్‌కు ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి పెట్టినాను.
వారం దినాలు రుద్దినాడు నీలం.
తర్వాత మానేసినాడు.
మానేసిన రాత్రి నాకు నిద్ర పట్టలా.

ఏప్రిల్లో, ఏ తోడూ లేకుండానే
మల్లిక గుడ్లు పెట్టింది.
పద్నాలుగు. తేనెమైనం రంగువి, గట్టివి.
వద్దనుకున్నది నేనే. అయినా
లైటార్పి ఒక్కోదాని వెనక టార్చి పెట్టి చూసినాను,
ఎర్ర నరం ఒకటన్నా కనిపిస్తుందేమోనని.

మళ్ళీ గిన్నెలో పెట్టినాను.
రెండు వందల డెబ్బై.
తగ్గిన డెబ్బై గ్రాముల్ని ఎక్కడ రాయాలో తెలీక
బిల్లు మడిచి త్రాసు కింద దోపినాను.

ఎలుకను వేడినీళ్ళలో కరగబెట్టి ఇచ్చినాను.
తినింది.