నలభై ఒకటో బల్ల

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారే,
ఒసాకాలో ఆ బీమా ఆఫీసు తొమ్మిదో అంతస్తులో
చర్మానికో రుతువు.

పోయిన వేసవి దాకా గోడమీద ఒక్కటే మీట.
ఇరవై ఎనిమిది దగ్గర టేపు అంటించి
"ముట్టరాదు" అని రాశారు ఇకుషిమా గారు.
ముట్టని చెయ్యి లేదు.
కుసాకా మోకాళ్ళమీద దుప్పటి పరిచి పాలసీలు రాస్తుంటే
ఎదురుగా ఒకాయన అట్టముక్కతో విసురుకునేవాడు.
అట్ట చప్పుడుకి ఇతను, తుమ్ముకి అతను
పళ్ళు నూరుకునేవాళ్ళు,
మర్యాదగా.

ఇప్పుడు బల్లకో గొట్టం, గొట్టానికో నాబ్.
బిగించింది నేనే, మొత్తం అరవై రెండు.
ఎవరి గాలి వాళ్ళది, వాటాల గొడవ లేదు.
నెలకోసారి వచ్చి లెక్క తీస్తాను:
ఎవరు ఎంతలో పెట్టుకున్నారు, ఎన్నింటికి తిప్పారు.

అది ఉత్త లెక్క కాదని తర్వాత తెలిసింది.
పదిహేడో బల్ల సోమవారాలు మాత్రమే వెచ్చదనం కోరుతుంది.
ముప్పయ్యో బల్ల ఆయన నాబ్ ముట్టనే ముట్టడు,
ఇచ్చిందే చాలనుకునే మనిషి కాబోలు.

నలభై ఒకటి మినేగిషి గారిది.
పదకొండూ ఇరవైకి ఒక్కసారిగా అడుగుదాకా తిప్పి
నాలుగు నిమిషాల్లో మళ్ళీ పైకి.
రెండింటికి. మూడుంపావుకి. మళ్ళీ.
మా అక్కకి ఆ యేడు ఇలాగే,
తింటున్న గిన్నె అక్కడే పెట్టి బాల్కనీలోకి పరుగెత్తేది,
మెడంతా ఎరుపు, పైపెదవి మీద చెమట.
ఏమైందని అడిగితే కోపం.

రిపోర్టులో ఒక గడి ఉంటుంది: అసాధారణ వినియోగం.
పెన్ను కాసేపు దానిమీదే నిలబెట్టి
"లేదు" అని రాశాను.

లేవబోతుంటే వినబడింది.
ఆమె నాబ్ తిప్పింది, అది కీచుమంది.
నాలుగు తలలు లేచాయి,
ఏమీ చూడనట్టు వంగాయి.
సగం తిప్పిన చెయ్యి
ఆమె ఒళ్ళోకి వెనక్కి వచ్చేసింది.

భోజనాల వేళ అందరూ కిందికి దిగాక
సంచిలోంచి నూనె సీసా తీశాను.
రెండు చుక్కలు.
అటు తిప్పాను, ఇటు తిప్పాను.
వాన ముందు గాలిలాంటిది మణికట్టుకి తగిలింది,
చప్పుడు లేకుండా.

తర్వాత మిగతా అరవై ఒక్కదానికీ వేశాను,
ఆ ఒక్కదానికే వేసినట్టు ఉండకూడదు కదా.
మధ్యాహ్నం తిండి లేదు.
చేతులకి సాయంత్రం దాకా నూనె వాసన.