మీ దేశంలో అందుబాటులో లేదు

రాత్రి రెండున్నరకి, బెళ్లందూరులో
నా తెరమీదికొచ్చింది ఓబుళమ్మ.
నలభై ఏడు సెకన్లు.
చేతిలో చీపురు, వెనక చెత్త ఆటో.
"మూడు నెల్లాయ సామీ జీతం పడక.
అడిగితే మస్టర్లో పేరు కొట్టేసినారు."

మా అమ్మ యాస.
హిందూపురం దాటి రెండు తరాలైనా
బెంగళూరు నీళ్లకి వెలిసిపోని యాస.

పక్కనే ఉత్తర్వు. నంబరుంది, సంతకముంది,
శాంతిభద్రతలు అన్న మాటుంది.
కారణం లేదు.
ఒక్క నొక్కు.
ఆమె నోరు తెరిచి ఉండగానే
బూడిదరంగు పలక దిగింది.

పొద్దున క్యాబ్ దిగితే
కగ్గదాసపుర మూలమీద
అందుబాటులోనే ఉంది,
ముక్కుపుడకతో సహా.
చుట్టూ ఆడవాళ్లు, చీపుర్లు ఒళ్లో పెట్టుకుని.
మళ్లీ మొదట్నుంచీ చెబుతోంది.
ఒకామె కన్నడంలోకి, ఇంకొకామె తమిళంలోకి
మారుస్తున్నారు, చేతులు తిప్పుతూ.
టీ బండి కుర్రాడు వినపడటంలేదని
స్టవ్ తగ్గించాడు.

"మరి ఆ వీడియో ఏమాయక్కా?"
"ఎవురో తీసేసినారంట,"
అంటూ నాకు దారివ్వడానికి
చీపురు పక్కకి జరిపింది.
మెడలో ఐడీ కార్డు
చున్నీ కిందికి తోసుకున్నాను.

ఆ రాత్రి నా వరసలో పందొమ్మిది మంది.
పందొమ్మిది మొహాలు, ఒకటే మాట:
మూడు నెల్లాయ సామీ.
ఒకామెకి నవ్వాగలేదు, మళ్లీ మొదలుపెట్టింది.

ఒక్కోదానికీ గడువు మూడు గంటలు.
రెండు గంటల యాభై తొమ్మిదో నిమిషందాకా
చేతులు ఒళ్లో పెట్టుకుని
కూర్చున్నాను.

నాకు చేతనైంది అంతే.
ఆ లోపల ఎంతమంది చూశారో
లెక్క మాత్రం చూశాను.