కాగితంలో లేని గడి

గాజువాకలో, ఆటోనగర్ మలుపు దగ్గర, రెండో అంతస్తు.
లిఫ్టు ఉంది గానీ జెసింత మేడమ్ ఎక్కనివ్వదు.
"మెట్లు కూడా పరీక్షే, దాలినాయుడు గారూ."
ముప్పై ఆరు మెట్లు.
పందొమ్మిదో మెట్టు దగ్గర
నా నడుం నన్ను పేరు పెట్టి పిలుస్తుంది.

ఇరవై రెండేళ్లు పోర్టులో ఖలాసీని.
గాలిలో వేలాడే సరుకుని చూసి
ఎన్ని టన్నులో చెప్పీగలను.
ఇక్కడ నా ముందు పెట్టింది ఓ ప్లాస్టిక్ డబ్బా,
అందులో ఇసక సంచులు, ఒక్కోటి రెండేసి కిలోలు.
నేల మీంచి నడుం దాకా,
నడుం మీంచి భుజం దాకా.
పిల్లలాట అనుకున్నాను
నాలుగో సంచి పడేదాకా.

"నొప్పి పదికి ఎంత?"
రెండు, అన్నాను.
ఫిట్ సర్టిఫికెట్టు కావాలి కదా మరి.
మేడమ్ నా మొహం చూడలేదు,
వేలికి తగిలించిన క్లిప్పు వేపు చూసింది.
"మీరు రెండంటున్నారు, మీ గుండె ఏడంటోంది."

పక్క బల్ల దగ్గర పరవాడ కంపెనీ కుర్రాడు, రాంబుజ్జి.
కుడిచేతికి మూడు వేళ్లు మిగిలేయి.
వాడిది నాకు ఎదురు పేచీ,
ఉన్న బలం దాస్తాడు, నష్టపరిహారం తగ్గిపోతుందని.
పిడికిలి మిషను మూడేసిసార్లు పిండిస్తారు.
అబద్ధమైతే మూడు అంకెలొస్తాయిట.
మేమిద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుని
టీకి వెళ్లిపోయేం.

ఏడో వారం.
డబ్బాలో సంచులన్నీ ఓ మూలకి జారున్నాయి,
కొత్తగా చేరిన పిల్లెవరో సర్దినట్టుంది.
వంగేను. చెయ్యి వేసేను. తీసేసేను.
ఎత్తను, అన్నాను.
"నొప్పా?"
కాదమ్మా. బరువు పక్కకుంది.

ఇంతే మాట.
ఆ రాత్రి కూడా నోట్లోనే ఉంది ఇది.
ఆరో బెర్తు, ఇనప రేకు చుట్టలు,
తెల్లారేసరికి ఓడ కదిలిపోవాలి.
స్లింగు బెత్తెడు పక్కకుండడం చూసేను.
పైనుంచి ఫోర్‌మేన్ కేకలు, కానీ, కానీ అని.
ఓవర్‌టైమ్ నాకూ కావాలి.
క్రేను వేపు చెయ్యి ఊపేను.

ఊపింది నా చెయ్యే.
కేసు కాగితాల్లో "ప్రమాదవశాత్తూ" అని ఉంది.
మా ఇంటిదానికి కూడా చెప్పలేదు.

జెసింత మేడమ్ పెన్ను పట్టుకుని
ఆ ఫారం పైనుంచి కిందికి వెతికింది.
ఎన్ని కిలోలెత్తేడో రాయడానికి గడి ఉంది,
ఎన్నిసార్లు ఆగేడో రాయడానికి ఉంది,
ఎత్తకూడదని తెలిసి ఎత్తలేదు, అనడానికి లేదు.
అంచున చీమల్లాంటి అక్షరాలతో ఏదో రాసింది.
ఇంగ్లీషు. నేనడగలేదు.

తర్వాత తాడు తెప్పించింది.
సరుకు ఎక్కడ పట్టాలో, ముడి ఎటు తిరగాలో చూపించేను.
రాంబుజ్జి మూడు వేళ్లతో కట్టేడు, వదులుగా.
విప్పీసి మళ్లీ కట్టించేను.
ఈసారి బలం దాచడం మర్చిపోయేడు వెధవ.

ఆఖరి రోజు లెక్క చదివి వినిపించింది.
నడుం ఎత్తుకి పద్నాలుగు కిలోలు.
నిచ్చెన వద్దు. భుజం పైకి వద్దు.
గంటకోసారి కూర్చోవాలి.
పాత పని, ఇప్పట్లో కాదు.
నేను నేల చూస్తూ ఉన్నాను.
"స్లింగులు పరీక్ష చేసే షెడ్డు ఉందన్నారు కదా,
అందులో ఇమ్మని అడుగుదాం."
అడుగుతాను అనలేదు. అడగండి అనీ అనలేదు.
అడుగుదాం.
చివరున్న ఆ 'దాం' ఒక్కటే పట్టుకుని
ముప్పై ఆరు మెట్లూ దిగేను.

కింద సిగ్నలు దగ్గర లారీ,
పైపుల కట్ట ఎడమకి వాలి ఉంది.
ఒరే బాబూ, ఎడం తాడు చూసుకో, అని అరిచేను.
నడుం కలుక్కుమంది.
డ్రైవరు వినలేదు. పచ్చ లైటు పడిపోతోంది.
మళ్లీ అరిచేను.