విప్పే చేతికి అందేటట్టు

కావలి ట్రంకు రోడ్డు పక్కన జిలానీ షెడ్డు.
మా బొలేరో టాపు మీద రెండు అడ్డకమ్మీలు,
పొద్దున ఎనిమిదికే ముట్టుకుంటే కాలుతుండాయి.
మాల్యాద్రి స్టూలెక్కి కొలుస్తున్నాడు
టేపుతో కాదు, జానతో.
కింద మట్టిలో సామాను:
పొట్టి కాడ పార,
రైసుమిల్లు పాత బెల్టు కోసి చేసిన రెండు పట్టాలు,
నిలువు జాకీ, దాని కిందకు టేకు చెక్క,
తుమ్మలపెంటలో మరపడవ వాళ్ళు వద్దని పారేసిన
నలభై అడుగుల నైలాను మోకు.
దానికి ఇంకా ఉప్పు వాసన పోలేదు.

ఇవన్నీ ఎందుకంటే
పోయిన కార్తీకంలో ఒక రాత్రి సంగతి చెప్పాల.
వంజరం, చందువ, అయిదు పెట్టెల కానాగర్తలు.
సరుగుడు తోట దాటినాక ఇసకలో
వెనక చక్రం ఇరుసు దాకా దిగింది.
తాటాకులు వేశాం. గోతాలు వేశాం.
నాకు తెలిసిన తిట్లన్నీ వేశాను.
చక్రం అన్నిటినీ నమిలి వెనక్కి ఉమ్మింది.
తెల్లారేసరికి ఐసంతా నీళ్ళయి
ఇసక చల్లబడింది గానీ
మేం చల్లబడలేదు.

జిలానీ బిగించడం మొదలుపెట్టాడు.
సైకిలు ట్యూబు ముక్కలు కోసి
ఇనుముకీ ఇనుముకీ నడుమ పెట్టాడు,
లేకుంటే నెల్లూరు దాకా పళ్ళు కొరుకుతాయంట.
గాలి పట్టుకోకుండా పార మొహం వెనక్కి తిప్పాడు.
జాకీ డ్రైవరు పక్కకి,
మోకు నడిమధ్య, పొదిగే కోడిలాగా.
పదమూడో నంబరు స్పానరుతో
నరాలు తేలేట్టు ఒక్కో బోల్టూ.
మాల్యాద్రి గిత్తను కొన్నోడి మాదిరి
బండి చుట్టూ తిరిగాడు, రెండు సార్లు తట్టాడు.

నేను లేచిపోయి చెయ్యెత్తాను.
పారకీ నా వేళ్ళకీ మధ్య జానెడు.
మడమలెత్తితే బెత్తెడు.
ఇద్దరూ నా వంక చూశారు.
బండి దిగబడితే స్టీరింగు కాడ మాల్యాద్రి ఉండాల.
మరి తవ్వేదెవురు?

"చీకట్లో," అన్నా,
"వానలో, చేతులకి చేప జిగురు.
ఆ స్పానరు యాడుంటది?"
"వెనక సీటు కింద."
"సీటు మీద?"
"ఐసు పెట్టె."
"దాని మీద?"
"ఇంకో ఐసు పెట్టె."

జిలానీ నవ్వలేదు.
బీడీ ఆర్పి, చెవి మీద పెట్టుకుని,
కట్టిందంతా విప్పాడు.
"కట్టేదానికి ఏముందక్కా, రెండు నిమిషాలు.
విప్పేదెవురో అడగలా నేను. అదీ తప్పు."

మధ్యాహ్నం దాటింది.
పార ఎడమ పక్కకి దిగింది, నా తలుపు నెత్తికి,
కాడ నా చేతి వైపు వాలి.
బోల్టులకి రెక్కల నట్లు, కింద స్ప్రింగు వాషర్లు.
మూడు తిప్పులకి ఊడొస్తాయి.
తలుపు కింద ఒక మెట్టు అతికించి
చెప్పు జారకుండా దాని మీద
వెల్డింగు బొబ్బలు అట్టాగే వదిలేశాడు.
కళ్ళు మూసుకోమన్నాడు. మూసుకున్నా.
పార.
పట్టా.
పట్టా.
మోకు కొంచెం సతాయించింది, వచ్చింది.
కళ్ళు తెరిస్తే టీ గ్లాసుల పిల్లోడు
ట్రే పట్టుకుని నోరు తెరిచి నిలబడి ఉండాడు.
జాకీ మాత్రం నావల్ల కాలేదు, బరువు.
దానికి మాల్యాద్రే దిగాల.
ఆ మాత్రం దిగనీ.

మూడు నెలలయింది.
బండి ఒక్కసారీ దిగబడలేదు.
పన్నెండొందలు దండగంటాడు మాల్యాద్రి,
హైవే ఎక్కితే పైన ఈలేస్తుందని
రేడియో సౌండు పెంచుతాడు.
నేను రేవులో బండాగగానే
మెట్టెక్కి రెక్కల నట్లు ఒక్కో తిప్పు తిప్పి చూస్తా.
ఉప్పు గాలి గదా, బిగుసుకుంటాయి.
తలకి రాసుకోగా వేళ్ళకి మిగిలిన
కొబ్బరి నూనె
వాటికే.