ఊరికే ఉన్నందుకు

ఫహాహీల్లో, సముద్రానికి రెండు వీధులివతల
లావు తగ్గించే క్లినిక్‌లో నేల తుడుస్తాను నేను.
ఆ రోజు కొత్త మిషను దిగింది.
అది నిజం చెబుతోందో లేదో చూడ్డానికి
బీనా సిస్టర్‌కి ఓ మనిషి కావాలి, ఎవరైనా సరే.
"దీవెనా, చేతులు కడుక్కుని రా. పడుకోవాలి, అంతే."

పదకొండేళ్ళ కువైట్‌లో
పిలిచి మరీ పడుకోమనడం ఇదే మొదలు.
రేపట్నించి ముప్పై దీనార్లు కడితేగానీ
ఎవరికీ దొరకదు ఈ మంచం.

"పన్నెండు గంటలుగా ఏమీ తినకూడదే, తిన్నావా?"
రాత్రి ఏడింటికి సగం ఖుబ్జు, ఓ ఉల్లిపాయ.
ఈ పరీక్షకి నేనెప్పుడూ తయారే.

కాగితం నింపింది.
వయసు నలభైనాలుగు. ఎత్తు, బరువు.
థైరాయిడ్డా? జ్వరమా? నెలసరి ఎప్పుడు? కాఫీ తాగావా?
నిన్న బరువులు ఎత్తావా?
దానిదగ్గర పెన్ను ఆగింది, నాకేసి చూసింది,
లేదు అని రాసుకుంది.
మూడంతస్తుల బకెట్లు వ్యాయామం కిందికి రావు.

కోడిపిల్లల మీద గంప మూసినట్టు
తల మీద గాజులాంటి మూత బోర్లించింది.
కదలకు. మాట్లాడకు. నిద్రపోకు.
ఏమీ ఆలోచించకు.
మొదటి మూడూ నాకు వచ్చినవే.

"నువ్వేమీ చెయ్యనప్పుడు
నీ ఒళ్ళు ఎంత ఖర్చు పెడుతుందో చెబుతుంది ఇది."
నేనేమీ చెయ్యనప్పుడా?
అలాంటి వేళ ఒకటుందని
ఇన్నాళ్ళూ లెక్కే కట్టుకోలేదు.

ఏసీ పద్దెనిమిది మీద ఉంది.
వణికితే అంకె పెరుగుతుందని దుప్పటి కప్పింది.
అంకె కోసమే.

గుండె దాని పాటికది కొట్టుకుంటోంది.
కార్జం, చీకటితో లేచిన వంటమనిషిలా
ఎక్కడివో గిన్నెలు సర్దుకుంటోంది.
మెదడు కిలోన్నర కూడా ఉండదట,
ఒళ్ళు కాల్చేదాంట్లో ఐదోవంతు దానికే.
మా పెద్దబావ యోహానులాగన్నమాట:
అరుగు దిగడు, ముద్ద తగ్గడు.

మూడో అంతస్తులో తుడుపుకర్ర మర్చిపోయానా?

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు.
పడుకుని, తినకపోయినా
కరుగుతూనే ఉంటాయని ఎవరూ చెప్పలేదు.

అరగంటకి సర్రున కాగితం బయటికొచ్చింది.
తొమ్మిదివందల ముప్పై.
బీనా గొట్టాలు ఊడదీసి, తుడిచి, మళ్ళీ బిగించింది.
మళ్ళీ అరగంట. మళ్ళీ అంతే.
నా ఎత్తుకీ బరువుకీ పదకొండు వందల పైన రావాలట.

ఈజిప్టు డాక్టరొచ్చాడు.
కాగితం చూశాడు, నన్ను చూళ్ళేదు.
"ఏళ్ళ తరబడి తక్కువ తిని ఉంటుంది.
ఒళ్ళు దానికే అలవాటు పడిపోయింది.
మిషను బాగానే ఉంది."

నవ్వొచ్చింది నాకు.
మా అమ్మ రాత్రిపూట పొయ్యి ఆర్పేది కాదు,
నిప్పు మీద బూడిద కప్పేది.
పొద్దున్న ఓ అగ్గిపుల్ల మిగిలేది.
నాకైనా చెప్పకుండా నా ఒళ్ళు
లోపల్లోపల బూడిద కప్పుకుంటూ వచ్చింది.
రోజుకి నూట ఎనభై.
పదకొండేళ్ళ చీటీ.
నెలనెలా కట్టింది నేను,
పాట ఎవరు పాడుకున్నారో తెలీదు.

మంచం దిగి, దుప్పటి మడిచి,
నేను పడుకున్న గదిని నేనే తుడిచాను.

మహబూలాలో మా గదికి ఆరుగురం.
కొత్తగా వచ్చిన పాలకొల్లు పిల్ల ప్రసన్నకి
రెండ్రోజులుగా జ్వరం.
డిగ్రీ పెరిగితే పదోవంతు ఎక్కువ కాలుతుందని
మధ్యాహ్నమే విన్నాను.
నుదురు ముట్టుకుంటే తెలుస్తోంది,
ఊరికే పడుకుని ఎంత పని చేస్తోందో.

పై వారానికని దాచిన గుడ్లు రెండున్నాయి.
నీళ్ళు పెట్టాను.
ఒకటి దానికి.
రెండోది, కాసేపు చేతిలో పట్టుకుని చూసి, నాకు.
చీటీ ఈ రాత్రికి పాడేసుకున్నాను.

చల్లారేదాకా ఆగలేక ఒలిచాను,
వేళ్ళు కాలాయి.