పద్నాలుగు గంటల కాఫీ

డాక్టరు చీటీ మీద కాఫీ అని రాసి
అడ్డంగా ఒక గీత కొట్టాడు.
పోర్టులో నా ఇరవై రెండేళ్ళ నైట్ డ్యూటీ
ఆ గీత కింద కాసేపు నోరెత్తకుండా కూర్చుంది.

మంట సంగతి నాకు తెలియంది కాదు.
మూడో గ్లాసు దిగాక
యార్డులో ఇనప రాయి గుట్టలాగే
లోపల ఎర్రగా ఏదో కుప్పపడుతుంది.
చొక్కా మీద ఎర్ర దుమ్ము, జేబులో తెల్ల మాత్రలు.
అయినా తెల్లారగట్ల నాలుగింటికి
డాల్ఫిన్స్ నోస్ దీపం నా మీదుగా తిరిగి పోయాక
ఒక్క గుక్క పడకపోతే
ఆ చీకటితో నాకేం చుట్టరికం?

సీతమ్మధార రైతుబజారు బయట
గోనె పరిచి గింజలమ్మే కిల్లో జమున అంది:
"మరిగే నీళ్ళు మొకాన కొడితే
ఏ గింజకైనా కోపమొస్తాది బాబూ.
బరకగా ఆడించు. సన్నీళ్ళలో తొంగోబెట్టు.
లెగిసినాక అదే దిగుతాది."
మరి నువ్వెలా కాస్తావని అడిగితే
నవ్వి, సంచిలోంచి అంబలి సీసా తీసి చూపించింది.

మిక్సీ మూడు తిప్పులకే ఆపేశాను,
ఇడ్లీ రవ్వంత పలుకు.
వరహాలమ్మ ఊరగాయ జాడీ ఇచ్చింది
నాలుగుసార్లు కడిగి, ఎండలో పెట్టి
(మొదటిరోజు కాఫీలో ఆవఘాటు తగిలింది,
ఇద్దరం ఆ మాట ఎత్తలేదు).
పొద్దున్న ఏడింటికి
జాడీలో అదీ, చాప మీద నేనూ
ఒకేసారి పడుకున్నాం.
కంచరపాలెం గేటు దగ్గర రైళ్ళు
ఇద్దర్నీ లేపలేకపోయాయి.

రాత్రి తొమ్మిదికి పాత పంచె ముక్కలో వడగట్టాను.
సన్న సెగ మీద, పాలు కలిపి,
పొంగనివ్వకుండా, వెచ్చబడితే చాలన్నట్టు.
ఇంత మెల్లగా నేను
ఏ మనిషితోనైనా ఉన్నానా అనిపించింది.

నాలుగింటికి ఫ్లాస్కు మూత తీశాను.
తడిసిన కట్టె వాసన, వెనక కొంచెం బెల్లం.
గొంతు గీరలేదు. కడుపు ఊసెత్తలేదు.
నిజం చెప్పొద్దూ,
మొదటి రెండు రాత్రులూ
ఆ మంట కోసం వెతుక్కున్నాను.

వారం తిరిగింది. అట్టలో ఆరు మాత్రలు మిగిలాయి.
"మానేశావా?" అన్నాడు డాక్టరు.
"మంట మానేశాను సార్."
ఆయనేం రాసుకున్నాడో కనబడలేదు.

ఆదివారం జమునకి ఓ సీసా పట్టుకెళ్ళాను.
వాసన చూసింది, గుక్కెడు పుక్కిలించి మింగింది,
మొహం చిట్లించి అంది:
"దీనికోసమా, మేం కొండ దిగొస్తన్నాం!"