బటన్, బటన్, బటన్

పెరంబూరు, మూడో అంతస్తు, రాత్రి తొమ్మిది.
కొత్త సాఫ్ట్‌వేర్‌లో ట్యాబ్ నొక్కుతూ పోతుంటే
స్క్రీన్ రీడర్‌ది ఒకటే మాట:
బటన్. బటన్. బటన్.
పేర్లు పెట్టని పిల్లల్ని వరసగా నిలబెట్టినట్టు.

"అలలు ఎంత బావున్నాయే, నీలంగా!"
నా భుజం మీదుగా మునెమ్మ పిన్ని.
ఉండనీ. ఆ నీలంతో నాకేం పని?

రెండోది బాగానే మాట్లాడింది,
కోయాల్సి వచ్చేసరికి మౌస్ పట్టుకోమంది.
వంటింట్లో ఎలుకనైనా పట్టగలను గానీ.

మూడోది పాత రేకు డబ్బాలా ఉందట.
బాణం నొక్కాను: "రెండు నిమిషాల నాలుగు సెకన్లు."
షిఫ్ట్‌తో ఇంకోసారి: "ఎంపిక, అర సెకను."
అర సెకనే! నా దగ్గు ఇంత చిన్నదా?
తీసేశాను.

మళ్లీ వింటే
దగ్గుతో పాటు పిన్ని ఊపిరీ పోయింది,
కథలో రాజు చచ్చిపోయే ముందు
ఆమె ఆగి తీసుకునే ఊపిరి.

కంట్రోల్ జెడ్.
"తొలగింపు రద్దు" అంది గొంతు, జాలీ గీలీ లేకుండా.
దగ్గు తిరిగొచ్చింది. దాని వెనకే ఊపిరి.

ఇదే ఉంచుకుంటాను,
నేనేం పోగొట్టానో నాకు చెప్పేదాన్ని.
ఇంకా సన్నగా కోయడం రేపు నేర్చుకుంటా.

"మరి మా రాజు బతికాడా?"
చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అడిగింది పిన్ని.